పచ్చిక మీద పూరికప్పు

లాన్‌లో పైకి కనిపించే పచ్చదనానికీ, అడుగునున్న మట్టికీ నడుమ గోధుమరంగు పొర ఒకటి పేరుకుంటుంది. ఎండిపోయిన కాడలు, నేల మీద పాకే తీగలు, మట్టి లోపల పాకే కాండాలు, పాత వేళ్ళు, గడ్డి మొదళ్ళు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి చాపలా తయారవుతాయి. తోటపని తెలిసినవాళ్ళు దీన్ని థాచ్ అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు మొదటి అర్థం పూరింటి కప్పు. తాటాకో రెల్లుగడ్డో ఒత్తుగా కప్పిన పాక వాన చుక్కను లోపలికి దిగనివ్వకుండా చూరు దాకా జార్చేస్తుంది. పచ్చిక మీద థాచ్ చేసే పని కూడా అదే. ఇంటికి మేలు చేసే ఆ గుణమే గడ్డి వేళ్ళకు చేటు.

పొర పలచగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. అర అంగుళం, అంటే 12 మిల్లీమీటర్ల లోపు థాచ్ నేలకు దుప్పటిలా పనిచేస్తుంది. ఎండ వేడిని, నడిచేవాళ్ళ అడుగుల ఒత్తిడిని ఓర్చుకుంటుంది, తేమను కొంత కాపాడుతుంది. అర అంగుళం దాటాకే కష్టాలు మొదలవుతాయి. ఒకసారి బాగా ఎండిన పొర నీటిని పీల్చుకోదు. పోసిన నీళ్ళు పైపైనే పారిపోతాయి. తడిసిన పొర మాత్రం నీటిని తనలోనే దాచుకుని మట్టికి అందనివ్వదు. వేళ్ళు నేలలోకి దిగడం మాని ఆ పొరలోనే వ్యాపిస్తాయి. రెండు రోజులు నీరు అందకపోతే అలాంటి గడ్డి వాడిపోతుంది. శిలీంద్రాలకు, పురుగులకు ఆ పొర మంచి ఆశ్రయం. వేసిన ఎరువు, కొట్టిన మందు సగం అక్కడే చిక్కుకుంటాయి. మెత్తటి పొరలో చక్రాలు దిగబడటంతో గడ్డి కోసే యంత్రం ఒకచోట లోతుగా, మరోచోట పైపైన కోసి, లాన్ మీద బోడి మచ్చలు మిగులుస్తుంది.

పొర ఎందుకు పేరుకుంటుంది

గడ్డి పెరిగే వేగానికీ, చచ్చిన భాగం కుళ్ళి మట్టిలో కలిసే వేగానికీ మధ్య తూకం తప్పితే థాచ్ పుడుతుంది. కోసిన గడ్డి ముక్కలను లాన్ మీదే వదలడం దీనికి కారణమని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. లేత ఆకు ముక్కల్లో ముప్పాతిక వంతుకు పైగా నీరే ఉంటుంది. అవి రోజుల్లోనే కుళ్ళిపోతాయి. కాడల్లో, వేళ్ళలో, మొదళ్ళలో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ. సూక్ష్మజీవులు దాన్ని అరిగించుకోవడానికి చాలా కాలం పడుతుంది. పొరను కట్టేది ఈ భాగాలే.

తూకం తప్పించేది తరచుగా అతి శ్రద్ధే. నత్రజని ఎరువు మోతాదు మించితే గడ్డి కుళ్ళేదానికంటే వేగంగా పెరుగుతుంది. రోజూ కొద్దికొద్దిగా చల్లే నీరు వేళ్ళను పైపైనే ఉంచుతుంది. విచ్చలవిడిగా కొట్టే పురుగుమందు వానపాములను చంపుతుంది. థాచ్‌ను మట్టిలో కలిపే పనిలో వానపాముకు సాటి మరొకటి లేదు. నేల పులుపెక్కినా, తొక్కుడుకు గట్టిపడి గాలి ఆడకపోయినా కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మందగిస్తాయి.

గడ్డి జాతి స్వభావం కూడా లెక్కలోకి వస్తుంది. వినాయక చవితి పూజకు తెచ్చే గరికే ప్రపంచమంతటా బెర్ముడా గడ్డి పేరుతో మైదానాలు నింపుతోంది. అది నేల మీద తీగలతోనూ, నేల లోపల కాండాలతోనూ పాకుతుంది. దాని నుంచి పుట్టిన సంకర రకాలు మరీ చురుకైనవి. కొరియన్ గడ్డి అని నర్సరీల్లో అమ్మే జోయ్సియా నిదానంగా పెరిగినా చాలా దట్టంగా అల్లుకుని, కొన్నేళ్ళకు మెత్తటి బొడిపెలుగా ఉబ్బుతుంది. వెడల్పాటి ఆకుల బఫెలో గడ్డి, అంటే సెయింట్ అగస్టీన్ గడ్డి, నేల మీది తీగలతో మాత్రమే పాకుతుంది. ఏ పనిముట్టు వాడాలో, ఎంత లోతుకు పోవాలో నిర్ణయించేది ఈ తేడాలే.

బెంగళూరు నేల, బెంగళూరు వాన

సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో ఎండలు తీవ్రం కావు, చలి కూడా గడ్డిని పూర్తిగా నిద్రపుచ్చదు. అందువల్ల గడ్డి ఏడాదిలో ఎక్కువ నెలలు పెరుగుతూనే ఉంటుంది, పొర కూడా పేరుకుంటూనే ఉంటుంది. ఇక్కడి ఎర్రనేలలు చాలాచోట్ల కొంత పులుపు వైపు మొగ్గుతాయి, తొక్కుడుకు తొందరగా గట్టిపడతాయి. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్, 1870లో రూపుదిద్దుకున్న కబ్బన్ పార్క్, 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్ ఈ నేల మీదివే. పచ్చిక పెంపకం ఈ నగరానికి పాత విద్య.

నగరం నడిబొడ్డున ఉన్న కాటన్‌పేటలో మాత్రం పచ్చికకు చోటు తక్కువ. పత్తి వ్యాపారం పేరు నిలుపుకున్న ఈ పాత పేటలో ఇళ్ళు, దుకాణాలు, లాడ్జీలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. అయినా తోటపనితో పేటకు ఒక బంధం ఉంది. ఏటా చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయ స్వామి గుడి నుంచి బయలుదేరే కరగ (పూలతో అలంకరించిన కలశం) ఊరేగింపు కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చి వెళుతుంది. ఆ కరగను మోసే తిగళ కులస్థులు తరతరాలుగా పూలు, కూరగాయలు, తోటల పెంపకంలో పేరు పొందినవారు. ఇలాంటి పేటలో ఎవరైనా పచ్చిక పెంచితే అది గుమ్మం ముందు పది అడుగుల జాగాలోనో, మేడ మీద పరిచిన మట్టిలోనో ఉంటుంది. ఎకరాల మైదానానికీ, ఈ గుప్పెడు పచ్చికకూ థాచ్ ఒకటే అయినా, దాన్ని తీసే తీరు వేరు.

నీటి కొరత ఈ పనికి తొందరను తెచ్చింది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు, వాహనాలు కడగడానికి వాడరాదని నిషేధించి, ఉల్లంఘిస్తే 5,000 రూపాయల జరిమానా విధించింది. 100 చదరపు అడుగుల పచ్చికను ఒక అంగుళం మేర తడపాలంటే సుమారు 235 లీటర్లు కావాలి. థాచ్ అడ్డుపడితే ఆ నీటిలో పెద్ద వాటా వేళ్ళ దాకా చేరదు. పొరను అదుపులో ఉంచడం నీటిని పొదుపు చేసే మార్గాల్లో ఒకటి.

ముందు కొలత

పనిముట్టు చేతపట్టే ముందు పొర మందం తెలియాలి. పదునైన కత్తితోనో, చిన్న తాపీతోనో లాన్‌లో మూడు అంగుళాల లోతున కేకు ముక్కలా త్రికోణాకారంగా కోసి పైకి తీయాలి. పైన పచ్చటి ఆకు, దాని కింద గోధుమరంగు పీచు పొర, అడుగున మట్టి విడివిడిగా కనిపిస్తాయి. పీచు పొరను వేలితో కొద్దిగా నొక్కి స్కేలుతో కొలవాలి. ఎండ పడే చోట, నీడలో, ఎక్కువగా నడిచే చోట కలిపి నాలుగైదు ముక్కలు చూస్తే సరైన అంచనా వస్తుంది. చూశాక ముక్కను అదే గుంటలో పెట్టి తొక్కి నీళ్ళు పోస్తే గడ్డి అతుక్కుంటుంది.

అర అంగుళం లోపు ఉంటే తీయాల్సిన పని లేదు. అర నుంచి ముప్పావు అంగుళం ఉంటే చేతి రేక్‌తోనో, తేలికపాటి యంత్రంతోనో ఒక్క విడతలో తీయవచ్చు. అంగుళానికి చేరితే రెండు విడతలుగా, మధ్యలో గడ్డి కోలుకునే వ్యవధి ఇచ్చి తీయాలి. రెండు అంగుళాలకు చేరి, వేళ్ళన్నీ పొరలోనే ఉంటే ఏ యంత్రం నడిపినా గడ్డి పొరతో పాటే లేచి వస్తుంది. అప్పుడు పాత పచ్చికను పూర్తిగా చెక్కేసి, మట్టిని సరిచేసి, కొత్తగా నాటుకోవడమే మేలు.

చేతి పనిముట్లు

రాలిన ఆకులు ఊడ్చే వెదురు పంజా థాచ్‌ను కదపలేదు. దోకుడు పార గడ్డి మొదళ్ళను నరికేస్తుంది. ఈ పనికి రెండు రకాల రేక్‌లు ఉన్నాయి. మొదటిది స్ప్రింగు తీగ పళ్ళది. సన్నటి ఉక్కు పళ్ళు వంగి లేస్తూ పొరను గీరుతాయి. పలచటి పొరకు, లేత పచ్చికకు ఇది చాలు. రెండోది థాచ్ కోసమే చేసిన రేక్. దీని పళ్ళు నెలవంక ఆకారపు చిన్న కత్తులు. కర్రను వంచే కోణాన్ని బట్టి అవి లోతుగానో పైపైనో దిగుతాయి. మనవైపు లాగినప్పుడు పీచును కోసి పైకి తెస్తాయి, ముందుకు తోసినప్పుడు పళ్ళలో చిక్కినదాన్ని వదిలేస్తాయి.

రేక్‌ను పొడవాటి బారలతో కాకుండా చిన్న చిన్న లాగుళ్ళతో వాడాలి. ముందు ఒక దిశలో, ఆ తర్వాత దానికి అడ్డంగా గీయాలి. పళ్ళు మట్టిని తాకీ తాకనట్టు ఉండాలి. మట్టి పెళ్ళలు లేస్తుంటే కోణం తగ్గించాలి. చెయ్యి నొప్పెట్టే పని ఇది. అందుకే నాలుగైదు వందల చదరపు అడుగుల వరకే చేతి రేక్ అనువైనది.

మేడ మీది పచ్చికకు చేతి రేక్ తప్ప మరొకటి వాడకూడదు. అక్కడ మట్టి కొన్ని అంగుళాల మందమే ఉంటుంది, దాని కింద నీరు కారకుండా వేసిన పూత, డ్రైనేజీ పలక ఉంటాయి. యంత్రపు కత్తులు, మట్టిలో లోతుగా గుచ్చే గొట్టాలు ఆ పూతను చీలిస్తే కింది గదిలోకి నీరు దిగుతుంది.

యంత్రాలు

1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ కనిపెట్టిన గడ్డి కోత యంత్రం ఆకును అడ్డంగా కోస్తుంది. థాచ్ తీసే యంత్రాలు గడ్డిలోకి నిలువుగా దిగుతాయి. వీటిలో మూడు రకాలు ముఖ్యమైనవి.

స్ప్రింగు పళ్ళ యంత్రంలో తిరిగే ఇరుసుకు ఉక్కు తీగ పళ్ళు వరుసగా ఉంటాయి. కరెంటుతో నడిచే చిన్న నమూనాలు ఇళ్ళకు సరిపోతాయి. ఇవి వదులుగా ఉన్న పీచును దువ్వి పైకి తెస్తాయి, గట్టిగా అల్లుకున్న పొరను మాత్రం కోయలేవు.

పవర్ రేక్‌లో ఇరుసుకు వేలాడే ఉక్కు పలకలు ఉంటాయి. ఇరుసు వేగంగా తిరుగుతుంటే అవి పొరను కొట్టి చీలుస్తాయి. గరికకు ఇది తగినది. బఫెలో గడ్డి మీద దీన్ని గట్టిగా నడిపితే నేల మీది తీగలన్నీ ఊడిపోతాయి. మళ్ళీ చిగురించడానికి మట్టి లోపల దానికి కాండాలు లేవు.

వెర్టికట్టర్‌లో గుండ్రటి పదునైన కత్తులు ఇరుసుకు బిగించి ఉంటాయి. అవి థాచ్‌ను నిలువుగా కోస్తూ సన్నటి గాళ్ళు వేస్తాయి. కత్తుల మధ్య దూరం గరికకూ, జోయ్సియాకూ ఒకటి నుంచి రెండు అంగుళాలు ఉండాలి. బఫెలో గడ్డికి మూడు అంగుళాలు. కత్తి కొన పొరను దాటి మట్టిని పావు అంగుళం మించకుండా గీరితే చాలు. మొత్తం లాన్ మీద నడిపే ముందు ఒక మూల రెండు గజాలు నడిపి లోతు సరిచూసుకోవాలి. గోల్ఫ్ మైదానాల్లో బంతి దొర్లే గ్రీన్‌లను పొర పేరుకునే దాకా ఆగకుండా, పెరుగుదల కాలమంతా తేలికగా ఇలా కోస్తూ ఉంటారు.

పెద్ద యంత్రం కొనాల్సిన అవసరం ఇళ్ళకు రాదు. పని ఏడాదికి ఒకసారో, రెండేళ్ళకు ఒకసారో ఉంటుంది. కాబట్టి అద్దెకు తీసుకోవడమో, యంత్రం ఉన్న తోటపనివారిని పిలవడమో మంచిది. చేతి రేక్, పదును పెట్టే ఆకురాయి, చేతి తొడుగులు కాటన్‌పేటకు దగ్గర్లోని సిల్వర్ జూబ్లీ పార్క్ రోడ్ హార్డ్‌వేర్ దుకాణాల వైపు వెతకవచ్చు.

మట్టిని గుల్లచేయడం, పైమట్టి వేయడం

పొరను పైనుంచి లాగేయడం ఒక దారి. కింది మట్టిలో జీవాన్ని పెంచి, పొరను అక్కడే కుళ్ళబెట్టడం రెండో దారి. గట్టిపడిన ఎర్రనేలకు రెండోదే ఎక్కువ కాలం ఫలితమిస్తుంది.

కోర్ ఎయిరేటర్ అనే యంత్రం అర నుంచి ముప్పావు అంగుళం వెడల్పున్న బోలు గొట్టాలను రెండు మూడు అంగుళాల లోతుకు గుచ్చి, మట్టి కడ్డీలను బయటికి తీసి పడేస్తుంది. ఆ రంధ్రాల గుండా గాలి, నీరు కిందికి దిగుతాయి. పైన పడిన మట్టి కడ్డీలు ఎండాక వాటిని రేక్‌తో చిదిమి లాన్ మీదే పరచాలి. ఆ మట్టితో వచ్చే సూక్ష్మజీవులు పీచును తినడం మొదలుపెడతాయి. చిన్న స్థలంలో ఇదే పనికి బోలు గొట్టాలున్న చేతి పరికరం దొరుకుతుంది. కాళ్ళకు కట్టుకునే మేకుల చెప్పులు మట్టిని బయటికి తీయవు, పక్కలకు నొక్కి మరింత గట్టిపరుస్తాయి.

రంధ్రాలు వేశాక పైమట్టి వేయాలి. అడుగున ఉన్న నేల రకపు మట్టినే జల్లించి, మాగిన పశువుల ఎరువుతోనో, వర్మికంపోస్టుతోనో కలిపి అయిదు మిల్లీమీటర్ల మందాన చల్లాలి. 100 చదరపు అడుగులకు 15 లీటర్ల బకెట్లు మూడు సరిపోతాయి. చీపురుతో ఊడిస్తే మట్టి గడ్డి మొదళ్ళలోకి దిగుతుంది, ఆకు కొనలు బయటే నిలుస్తాయి. రంధ్రాలు వేయకుండా బంకమట్టి మీద ఉత్త ఇసుక పరిస్తే రెండు పొరల మధ్య నీరు నిలిచి కొత్త ఇబ్బంది మొదలవుతుంది.

ఇసుక మీద పెంచే ఆటస్థలాల సంగతి వేరు. బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో 2017లో సబ్‌ఎయిర్ పద్ధతి అమర్చారు. నేల కింది పైపులు గాలిని లాగుతూ వాన నీటిని వేగంగా దించేస్తాయి. ఇసుక నేలలో సూక్ష్మజీవులు తక్కువ కాబట్టి అలాంటి చోట థాచ్ తొందరగా పేరుకుంటుంది. కింద ఎంత మంచి ఏర్పాటున్నా నీరు ముందు దాటాల్సింది పై పొరనే. ఆటస్థలాల్లో నిలువు కోత, రంధ్రాలు వేయడం, ఇసుక చల్లడం ఒకదాని వెంట ఒకటి జరగాల్సింది అందుకే.

పొరను కుళ్ళబెడతాయని సూక్ష్మజీవుల ద్రావణాలు, ఎంజైముల పొడులు కూడా అమ్ముతారు. వాటి ఫలితం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. గాలి ఆడని గట్టి నేలలో పోసిన సూక్ష్మజీవులు కూడా నిలవవు. నేలను గుల్లచేయడానికి అవి బదులు కావు.

ఎప్పుడు, ఎలా

థాచ్ తీయడం గడ్డికి గాయం చేయడమే. కాబట్టి గాయం మానే శక్తి ఉన్న కాలం చూసుకోవాలి. బెంగళూరులో జూన్, జులై నెలలు అనువైనవి. ఎండ తీవ్రత తగ్గి, చినుకులు పడుతూ, గడ్డి చురుగ్గా పెరుగుతుంది. కుండపోత వానలు కురిసే సెప్టెంబరు, అక్టోబరుల్లో బోడి నేల కోతకు గురవుతుంది. డిసెంబరు, జనవరి చలిలో గడ్డి నెమ్మదిస్తుంది, మానడం ఆలస్యమవుతుంది. ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో మే ఎండలు పోయి తొలకరి పడ్డాక మొదలుపెట్టాలి.

పని వరుస ఇలా సాగుతుంది. రెండు రోజుల ముందు నీరు పెట్టి నేలను పదునుకు తెచ్చుకోవాలి. పిడికిట్లో నొక్కితే ముద్దై, వేలితో తడితే విడిపోయేంత తేమ ఉండాలి. బురదగా ఉంటే మొదళ్ళు ఊడుతాయి; ఎండిపోతే కత్తి దిగదు. మామూలు ఎత్తులో సగానికి గడ్డి కోయాలి. నీటి పైపులు, స్ప్రింక్లర్లు, కరెంటు తీగలు ఉన్నచోట పుల్లలు గుచ్చి గుర్తుపెట్టాలి. రాళ్ళు, మేకులు ఏరేయాలి. యంత్రం నడిపేవారు మూసి ఉన్న బూట్లు, కళ్ళద్దాలు వేసుకోవాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి. కత్తులను తాకే ముందు ప్లగ్ పీకడమో, ఇంజను ఆపడమో తప్పనిసరి. మొదట నిలువుగా, అవసరమైతే ఇంకోసారి అడ్డంగా నడపాలి.

పైకి లేచిన పీచు కుప్పలుగా వస్తుంది. దాన్ని మొత్తం ఊడ్చి తీయాలి. వదిలేస్తే కింద మిగిలిన గడ్డికి ఎండ అందదు. కలుపు మందు కొట్టని లాన్ అయితే ఈ పీచును పేడ, పచ్చి ఆకు చెత్తతో కలిపి కంపోస్టు చేసుకోవచ్చు. గరిక తీగలు ముక్కల నుంచే మొలవగలవు కాబట్టి బాగా ఎండబెట్టాకే కుప్పలో వేయాలి.

పని అయిన వెంటనే బాగా నీరు పెట్టాలి. బోడి మచ్చలున్నచోట ఆరోగ్యమైన గడ్డి నారు గుచ్చాలి. వారం తర్వాత 100 చదరపు అడుగులకు 100 గ్రాములు మించకుండా యూరియా చల్లి, వెంటనే నీరు కొట్టాలి. మొదటి కొన్ని రోజులు లాన్ వెలిసిపోయి, దెబ్బతిన్నట్టు కనిపిస్తుంది. గరిక మూడు నాలుగు వారాల్లో మళ్ళీ కమ్ముకుంటుంది. జోయ్సియాకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. గడ్డి పూర్తిగా కమ్ముకునే దాకా దాని మీద నడక, ఆట ఆపాలి.

మళ్ళీ పేరుకోకుండా

తీసిన పొర మళ్ళీ రాకుండా చూడటం రోజువారీ అలవాట్ల మీద ఆధారపడుతుంది. మామూలు రోజుల్లో ఒక్కో కోతలో ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. చాలాకాలం కోయకుండా వదిలేసి ఒక్కసారి పొట్టిగా కోస్తే మిగిలేవన్నీ ముదురు కాడలే. నీరు రోజూ చల్లే బదులు, మట్టి అరడుగు లోతు వరకు తడిసేలా పెట్టి, పైన ఆరాక మళ్ళీ పెట్టాలి. ఎరువు కొద్దికొద్దిగా విడతల్లో వేయాలి. నేల పరీక్షలో పీహెచ్ 6 కంటే తక్కువని తేలితే సిఫారసు చేసిన మేరకు సున్నం వేయాలి. పురుగు కనిపించిన చోట తప్ప మందు కొట్టకూడదు. ఏడాదికోసారి నేలను గుల్లచేసి, జల్లించిన ఎరువు మట్టి పలచగా చల్లితే వానపాములు తమ పని తాము చేసుకుపోతాయి. ఆ తర్వాత ఏటా తొలకరికి ముందు ఒక ముక్క కోసి పొర మందం చూడాలి. అది అర అంగుళం లోపే ఉన్నంతకాలం రేక్‌ను గోడకు తగిలించి ఉంచవచ్చు.